కట్టెల పొయ్యి గొట్టం పొగ లాగడం లేదా? ముందు గదిలోకి గాలి వచ్చే దారి చూడండి

ఎగ్జాస్ట్ ఫ్యాన్ మాత్రం పెట్టించకండి. విశాఖ మధురవాడలో కొత్త ఇంటి వెనక గదిలో కట్టెల పొయ్యి కట్టించామని, జీఐ (జింకు పూత ఇనుము) గొట్టం డాబా పైదాకా తీసినా సాయంత్రమయ్యేసరికి పొగంతా గదిలోనే కమ్ముకుంటోందని, పెద్ద ఫ్యాన్ పెడితే పోతుందా అని అడిగారు. పోదండీ, ఇంకా పెరుగుతుంది.

ఫ్యాన్ గదిలో గాలిని బయటికి తోస్తుంది. ఆ మేరకు గాలి ఎక్కణ్ణుంచో ఒకచోటి నుంచి రావాలి. తలుపులూ కిటికీలూ బిగించేస్తే మిగిలిన దారి పొయ్యి గొట్టమే. ఇక పొగ పైకెలా పోతుంది? ఎండాడలో మా ఇంట్లో ఇదే జరిగేది. పక్క వంటగదిలో ఎలక్ట్రిక్ చిమ్నీ వేయగానే కట్టెల పొయ్యి పొగ కక్కేది. మేస్త్రీ గొట్టం మార్చాలన్నాడు, వెల్డింగ్ షాపతను పైన టోపీ మార్చాలన్నాడు. మా అత్తగారు వెనక తలుపు బార్లా తీసి, "ఇప్పుడు చూడండి" అన్నారు. పొగ తిన్నగా గొట్టంలోకి పోయింది.

మీరూ ఒకసారి, పొయ్యి వెలిగించకముందే, దాని నోటి దగ్గర అగరువత్తి పట్టుకుని చూడండి. పొగ లోపలికి వంగితే లాగుడు ఉన్నట్టే. మీ మొహం మీదికి వస్తే గొట్టంలోంచి గాలి దిగుతోందన్నమాట. తలుపు వేసి, తీసి, వంటింటి చిమ్నీ ఆపి, వేసి చూస్తే సగం సంగతి అక్కడే తేలిపోతుంది. తలుపు తీస్తే సర్దుకుంటోందంటే పొయ్యి పక్క గోడకి కింది భాగంలో ఎప్పుడూ తెరిచి ఉండే జాలీ పెట్టించండి. మన ఊళ్ళో మధ్యాహ్నం నుంచి సముద్రం గాలి కదా, వీలైతే ఆ వైపు గోడకే పెట్టించండి. అవతలి వైపు కిటికీ ఒక్కటే తెరిస్తే గాలి గదిలోంచి బయటికి లాగేసి పని చెడగొడుతుంది.

సాయంత్రాలే ఎక్కువంటున్నారు కాబట్టి డాబా మీద కూడా చూడండి. గొట్టం డాబా మీంచి కనీసం 3 అడుగులు లేవాలి. చుట్టూ 10 అడుగుల లోపల ఉన్న పిట్టగోడ, మెట్ల గది, నీళ్ళ ట్యాంకు, వీటన్నిటికంటే 2 అడుగులు ఎత్తుండాలి. లేకపోతే గాలి మెట్ల గది మీంచి దూకి నేరుగా గొట్టం నోట్లోకి దిగుతుంది. లోపలి వేడికీ బయటి చల్లదనానికీ ఉన్న తేడాయే పొగని పైకి లాగేది. అదే గొట్టం డిసెంబరులో అరకులో బాగా లాగుతుంది, ఇక్కడి ఉక్కలో ఆ తేడా తక్కువ. అందుకే ఎత్తు విషయంలో పిసినారితనం వద్దు. ఎత్తు పెంచితే గొట్టం ఊగకుండా లాగి కట్టే స్టే వైర్లు తప్పనిసరి, 2014లో హుద్‌హుద్ తుఫాను చూసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

ఉప్పు గాలికి జీఐ గొట్టం తుప్పు పట్టి చిల్లులు పడితే, వాటిలోంచి చల్లగాలి దూరి లాగుడు తగ్గిపోతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు ఖరీదే, అయినా సముద్రానికి దగ్గరున్న ఇంటికి అదే నయం.

కట్టెల సంగతి మర్చిపోకండి. అడితిలో అమ్మే సరుగుడు చాలాసార్లు పచ్చిదే. రెండు కర్రలు ఒకదానికొకటి కొడితే టంగుమనాలి. దబ్బుమంటే ఇంకా ఎండలేదని. పచ్చి కర్ర పొగతో గొట్టం లోపల తారులాంటి మసి పేరుకుంటుంది, దారి ఇరుకవడమే కాదు, అది అంటుకునే ప్రమాదం కూడా ఉంది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నా. పొగ తగ్గింది కదా అని రాత్రి నిప్పులు వదిలేసి తలుపులు మూసి పడుకోకండి. కణకణలాడే నిప్పుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు. తలనొప్పి, వాంతి వచ్చేలా అనిపిస్తే కారణం వెతక్కుండా అందరూ బయటికి వచ్చేయండి. దానికి అలారాలు ఆన్‌లైన్లో దొరుకుతాయి, ఒకటి కొనండి.

గొట్టం వెడల్పెంత, మధ్యలో ఎన్ని వంపులున్నాయి, పక్కన అపార్ట్‌మెంట్ ఏమైనా ఉందా, ఇవి రాస్తే ఇంకా వివరంగా చెప్పగలను.