హత్య వేరు, వీరమరణం వేరు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. పహల్గాం ఉగ్రదాడి గురించిన మొదటి రెండు పేజీల్లో ఎక్కడా చెయ్యి పెట్టాల్సిన అవసరం రాలేదు. మూడో పేజీ దగ్గర ఆగిపోయాను. "ఇది నేరం కాదు, యుద్ధం. కోర్టులూ సాక్ష్యాలూ అంటూ కూర్చునే రోజులు పోయాయి" అని రాశావు. కడుపు మండి రాసిన మాటలని తెలుస్తూనే ఉంది. 26 మందిని పచ్చిక మైదానంలో నిలబెట్టి కాల్చేస్తే మండని కడుపు ఎవరిది? ఆ మంటను నేను తప్పు పట్టను. కానీ ఆ రెండు వాక్యాలతో నువ్వు హంతకుడి చేతికి ఏమి అందించావో గమనించి ఉండవు. అది చెప్పడానికే ఈ ఉత్తరం.

నేనూ ఒకప్పుడు అదే మాట రాశాను. 2007 ఆగస్టు 25, శనివారం. ఒక దినపత్రిక డెస్కులో రాత్రి డ్యూటీలో ఉన్నాను. ఎనిమిది కావస్తుండగా లుంబినీ పార్కులో బాంబు పేలిందని ఫోను వచ్చింది. కాసేపటికే కోఠీలో గోకుల్ చాట్ దగ్గర ఇంకోటి. రాత్రి గడిచేకొద్దీ మృతుల సంఖ్య పెరుగుతూ పోయింది, చివరికి 40 దాటింది. పతాక శీర్షిక పెట్టే బాధ్యత నాది. "భాగ్యనగరంపై యుద్ధం" అని పెట్టాను. బాగా కుదిరిందని అందరూ అన్నారు. నాకూ అలాగే అనిపించింది.

మర్నాడు కోఠీ వెళ్లాను. పోలీసులు తాడు కట్టి ఎవరినీ లోపలికి రానివ్వడం లేదు. తాడుకు ఇవతల నిలబడి చూస్తున్నాను. క్లూస్ టీమ్‌లో ఒక పెద్దమనిషి నేల మీద గొంతుక్కూర్చుని, పట్టకారుతో చిన్న చిన్న లోహపు ముక్కలు ఏరి, ఒక్కోదాన్నీ ఒక్కో కాగితపు కవరులో వేసి, పైన అంకె రాసి పక్కన పెడుతున్నాడు. పక్కనే ఒక హెడ్ కానిస్టేబుల్ పంచనామా రాస్తున్నాడు. పంచులుగా, అంటే సాక్షులుగా, పిలిచిన ఇద్దరూ చుట్టుపక్కల దుకాణాల వాళ్లే. వారిలో ఒకాయనకు చెయ్యి వణుకుతోంది, సంతకం ఎక్కడ పెట్టాలో తెలియడం లేదు. కానిస్టేబుల్ విసుక్కోకుండా, రాసినదంతా మొదటి నుంచీ మళ్లీ చదివి వినిపించాడు. ఆయన తల ఊపాక గానీ కాగితం ముందుకు జరపలేదు. నేను అక్కడ ఉన్న గంటసేపట్లో నిండిన కవర్లు పదకొండు.

నా చేతిలో నా శీర్షిక ఉన్న పత్రిక ఉంది. దాన్ని మడిచి చంకలో పెట్టుకున్నాను. యుద్ధమే అయితే ఈ కవర్ల మీద అంకెలు ఎందుకు? యుద్ధంలో పడిన గుండు ఎవరిదని ఎవరూ సాక్షుల చేత సంతకాలు పెట్టించుకోరు. ఆ పెద్దమనిషి చేస్తున్న పని వెనుక నా శీర్షికలో లేని నమ్మకం ఒకటి ఉంది: దీన్ని చేసినవాడికి ఒక పేరు ఉంటుంది, ఆ పేరు దొరుకుతుంది, వాడు ఎదురుగా నిలబడి జవాబు చెప్పాలి. అలాంటి కవర్లూ, అలాంటి సంతకాలూ తీర్పు దాకా వెళ్లడానికి పదకొండేళ్లు పట్టింది. 2018 సెప్టెంబరులో ప్రత్యేక న్యాయస్థానం ఇద్దరికి మరణశిక్ష, ఒకరికి యావజ్జీవం వేసింది. మరో ఇద్దరి మీద నేరం రుజువు కాలేదని వదిలేసింది.

ఇక నీ మాటకు వస్తాను. యుద్ధం అంటే తీవ్రమైన నేరం అని నువ్వు అనుకున్నట్టున్నావు. యుద్ధానికి వేరే ధర్మం ఉంది. యుద్ధంలో సైనికుడు ఎదుటి సైనికుణ్ని చంపితే అది హత్య కాదు, అతని విధి. పట్టుబడితే అతను ఖైదీ, దోషి కాదు. యుద్ధం ముగిశాక ఇంటికి పంపాలి. మనమే పంపాం. 1971 యుద్ధంలో మనకు లొంగిపోయిన దాదాపు 93,000 మందిని 1974 నాటికల్లా పాకిస్తాన్‌కు అప్పగించాం. ఈ లెక్కన అజ్మల్ కసబ్ ఎవరు? ముంబయిలో 166 మందిని పొట్టన పెట్టుకున్న పదిమందిలో ప్రాణాలతో దొరికింది అతనొక్కడే. అతన్ని యుద్ధఖైదీ అనగలవా? నీ కలం అందుకు ఒప్పుకోదని నాకు తెలుసు. కానీ నీ వాక్యం ఒప్పుకుంటోంది.

కసబ్‌ను ప్రాణాలతో పట్టిచ్చింది ఒక పోలీసు. అసిస్టెంట్ సబ్ ఇన్‌స్పెక్టర్ తుకారాం ఓంబ్లే, చేతిలో లాఠీ తప్ప ఏమీ లేకుండా, గిర్‌గావ్ చౌపాటీ దగ్గర తుపాకీ గొట్టాన్ని గట్టిగా పట్టుకుని తూటాలన్నీ తన ఒంటి మీద పడనిచ్చాడు. తర్వాత జరిగినదంతా ఆ పట్టు మీద నిలబడింది. ఆర్థర్ రోడ్ జైలులో ప్రత్యేక కోర్టు, 2010 మేలో తీర్పు, హైకోర్టు, సుప్రీంకోర్టు, ప్రతి మెట్టు మీదా అతని తరఫున వాదించడానికి న్యాయవాది. 2012 నవంబరు 21న ఎరవాడలో ఉరి. అదే కేసులో నిందితులుగా ఉన్న ఇద్దరు భారతీయులను సాక్ష్యం చాలదని కోర్టు విడిచిపెట్టింది. ఈ చివరి వాక్యం లేకపోతే ముందు వాక్యాలకు విలువ లేదు. అందరినీ ఉరి తీసే కోర్టు చెప్పిన తీర్పును బయటి దేశాల్లో ఎవరు నమ్ముతారు?

కసబ్ మీద మోపిన నేరాల్లో భారత ప్రభుత్వంపై యుద్ధం చేయడం కూడా ఉంది. భారత శిక్షాస్మృతిలో 121వ సెక్షన్, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో 147. చట్టం ఇక్కడ ఎంత తెలివిగా ఉందో చూడు. నువ్వు చేసింది యుద్ధమే అయినా నిన్ను యోధుడిగా గుర్తించను, ఆ యుద్ధం చేయడమే నీ నేరం అంటుంది. నీ కోపానికి కావలసిన మాట చట్టంలోనే ఉందమ్మా. నేరం అన్న మాటను చెరిపేయాల్సిన పని లేదు.

యుద్ధం అన్న మాటను అందరికంటే ఎక్కువగా కోరుకునేది బాంబు పెట్టినవాడే. బూటులో పేలుడు పదార్థం పెట్టుకుని విమానం ఎక్కిన రిచర్డ్ రీడ్ 2003 జనవరిలో బోస్టన్ కోర్టులో తాను అమెరికాతో యుద్ధంలో ఉన్న సైనికుణ్నని చెప్పుకున్నాడు. జడ్జి విలియం యంగ్ ఆ ముచ్చట తీరనివ్వలేదు. నువ్వు ఏ యుద్ధంలోనూ సైనికుడివి కావు, ఉగ్రవాదివి అని ముఖం మీదే చెప్పి యావజ్జీవం వేశాడు. ఉత్తర ఐర్లండ్‌లో 1976 నుంచి కొత్తగా శిక్ష పడినవారికి ప్రత్యేక ఖైదీ హోదా తీసేస్తే, ఆ హోదా కోసం 1981లో బ్రిటిష్ పాలన మీద ఆయుధం పట్టినవారిలో పదిమంది అన్నం మానేసి జైల్లోనే చనిపోయారు. తాము నేరస్థులం కామనిపించుకోవడానికి ప్రాణాలిచ్చారంటే ఆ మాట బరువెంతో ఆలోచించు. మన దగ్గరా అంతే. 1980లో మన నేల మీద పుట్టిన పార్టీ తన పేరులోనే యుద్ధాన్ని పెట్టుకుంది, పీపుల్స్ వార్ అని. ఇటు ప్రభుత్వం కాగితం మీద నేరమే అంటూ, అడవిలో మాత్రం యుద్ధం చేసింది. రెండు వైపులవారూ తమకు ఏ మాట అనువుగా ఉంటే ఆ మాట వాడుకున్నారు. మధ్యలో ఊళ్లకు చేరిన శవాలకు పంచనామా సరిగ్గా జరిగిందో లేదో అడిగినవారు కొద్దిమందే. ఆ కొద్దిమందిలో పౌరహక్కుల న్యాయవాది కన్నబిరాన్ గారు ఒకరు. ఎదురుకాల్పుల్లో మరణించారంటే చాలదు, హత్య కేసు పెట్టి విచారించాలని ఆయన దశాబ్దాల పాటు కోర్టుల్లో నిలబడి వాదించారు. నువ్వు ఆయన రాసినవి చదవాలి.

మేనమామా మేనల్లుడి కథ కూడా చెబుతాను. న్యూయార్క్‌లో, 2001లో కూలిన ఆ జంట భవనాల కిందే 1993లో బాంబు పెట్టి ఆరుగురిని చంపిన రమ్జీ యూసుఫ్‌ను 1995లో ఇస్లామాబాద్‌లో పట్టుకున్నారు. మామూలు కోర్టులో నిలబెట్టారు. 1998 జనవరిలో శిక్ష పడింది. ఇప్పటికీ జైల్లోనే ఉన్నాడు, అతని పేరు ఎవరికీ గుర్తు లేదు. అతని మేనమామ ఖాలిద్ షేక్ మహమ్మద్ 2001 సెప్టెంబరు 11 దాడులకు సూత్రధారి. దాదాపు 3,000 మంది చావుకు కారకుడు. అప్పటికి అమెరికా దీన్ని యుద్ధమని ప్రకటించింది. 2003 మార్చిలో రావల్పిండిలో పట్టుకుని రహస్య జైళ్లలో తిప్పారు, నీళ్లలో ఊపిరాడకుండా చేసి చిత్రహింసలు పెట్టారు, 2006లో గ్వాంటనామోకు తెచ్చి సైనిక కమిషన్ ముందు పెట్టారు. హింసించి రాబట్టిన మాట సాక్ష్యంగా పనికొస్తుందా రాదా అన్న వాదనలతోనే ఏళ్లకేళ్లు గడిచిపోయాయి. పట్టుబడి ఇరవై ఏళ్లు దాటినా అసలు విచారణ మొదలు కాలేదు. కసబ్‌కు నాలుగేళ్లు పట్టింది. కోర్టులంటూ కూర్చునే రోజులు పోయాయని రాసేముందు ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టుకుని చూడు.

నా వాదనకు అడ్డొచ్చేవి ఉన్నాయి, దాచను. ఉగ్రవాద నాయకుడు మసూద్ అజహర్‌ను 1994లో పట్టుకుని జైల్లో పెట్టాం. 1999 చివరి రోజున, హైజాక్ అయి కాందహార్‌లో ఆగిన మన విమానంలోని ప్రయాణికుల కోసం మన చేత్తోనే విడిచిపెట్టాల్సి వచ్చింది. అతను వెళ్లి పెట్టిన జైష్-ఎ-మహమ్మద్ సంస్థ ఎన్ని ప్రాణాలు తీసిందో నీకు తెలుసు. జైల్లో పెట్టి ఏం సాధించామని ఎవరైనా అడిగితే నా దగ్గర తేలికైన జవాబు లేదు. మక్కా మసీదు సంగతి అంతకన్నా బాధ. 2007 మే 18న బాంబు పేలింది. ముందు పాతబస్తీ కుర్రాళ్లను పట్టుకెళ్లారు, వాళ్లు నిర్దోషులని తేలింది. తర్వాత వేరేవారి మీద కేసు నడిచింది, 2018 ఏప్రిల్‌లో వారూ నిర్దోషులయ్యారు. ఆ ప్రాణాలు తీసిన నేరానికి ఇవాళ్టికీ దోషి లేడు. నేరం అని పిలిచినంత మాత్రాన న్యాయం జరగదు, దర్యాప్తు సరిగ్గా జరిగితేనే జరుగుతుంది. అయినా గుజరాత్‌లో అక్షరధామ్ ఆలయంపై దాడి కేసు గుర్తు చేసుకో. ముగ్గురికి ఉరిశిక్ష ఖాయమైన తర్వాత 2014 మే 16న సుప్రీంకోర్టు మొత్తం ఆరుగురినీ నిర్దోషులని విడుదల చేసింది. కాల్చి పారేసి ఉంటే ఆ తప్పు దిద్దుకునేందుకు ఎవరూ మిగిలేవారు కారు.

మరి తుపాకీ ఇచ్చి పంపిన దేశం సంగతి ఏమిటంటావు. అది న్యాయమైన ప్రశ్నే. పోలీసులు సంకెళ్లు పట్టుకుని సరిహద్దు దాటలేరు. ఒక రాజ్యం ఇంకో రాజ్యం మీదికి హంతకులను ఉసిగొల్పితే అది రెండు రాజ్యాల మధ్య సంగతి, అక్కడ సైన్యం మాట రావచ్చు. 2025 మేలో వచ్చింది కూడా. ఇక మీద జరిగే ఏ ఉగ్రదాడినైనా యుద్ధ చర్యగానే చూస్తామని మన ప్రభుత్వ వర్గాలు అప్పుడే చెప్పాయి. రాజ్యం ఇంకో రాజ్యాన్ని ఉద్దేశించి అలా అనడం వేరు, నువ్వూ నేనూ తుపాకీ పేల్చినవాణ్ని ఉద్దేశించి అనడం వేరు. ఆ రాజ్యం పాత్రను లోకానికి చూపించాలన్నా సాక్ష్యమే కావాలి. ముంబయి దాడికి ముందు ఆ చోట్లన్నీ తిరిగి చూసి వెళ్లిన డేవిడ్ హెడ్లీకి 2013లో షికాగో కోర్టు 35 ఏళ్ల శిక్ష వేసింది. అతని స్నేహితుడు తహవ్వుర్ రాణాను పహల్గాంకు పన్నెండు రోజుల ముందు, 2025 ఏప్రిల్ 10న, అమెరికా అప్పగించగా మన దేశానికి తెచ్చారు. నేరంలో నిందితుడు కాబట్టి అప్పగించారు. అదే శత్రు సైనికుడని మనమే అంటే ఏ కోర్టు మన చేతికి ఇస్తుంది?

నువ్వు రచయితవు కాబట్టి ఇది ఇంకాస్త జాగ్రత్తగా విను. ఆ ఏప్రిల్‌లో కావలికీ విశాఖకూ రెండు శవపేటికలు వచ్చాయి. కొండలు చూడటానికి వెళ్లినవాళ్లవి. రెండు వారాలు తిరిగాక శ్రీ సత్యసాయి జిల్లాలో ఒక తండాకు ఇంకో పేటిక వచ్చింది, జాతీయ జెండా కప్పి. సరిహద్దు దగ్గర కాల్పుల్లో ప్రాణాలిచ్చిన జవాను అతను. మన భాషకు ఈ రెండు చావుల తేడా తెలుసు. ఒకటి హత్య, ఇంకోటి వీరమరణం. అంతా యుద్ధమే అన్నావనుకో, కావలి మనిషిది యుద్ధంలో చావు అవుతుంది, చంపినవాడిది యుద్ధంలో విధి అవుతుంది, జవానూ అతన్ని చంపినవాడూ, యాత్రికుడూ అతన్ని చంపినవాడూ అందరూ ఒకే గాటన పడతారు. ఆ తండాలో అతని తల్లికీ, విశాఖలో ఆ ఇల్లాలికీ నువ్వు చేసే అన్యాయం అది. వాళ్లిద్దరి దుఃఖం ఒకటి కాదు.

పనికొచ్చే సంగతులు కొన్ని. "యుద్ధభూమిని తలపించింది" అని రాయకు, అక్కడ ఉన్నదేమిటో రాయి. "ముష్కరులు" అన్న మాట మానేయి. ఆ మాట వాడగానే వాడు పౌరాణిక నాటకంలో రాక్షసుడైపోతాడు, మనుషులు చేసిన పని అన్న స్పృహ పోతుంది. తీర్పు వచ్చేదాకా నిందితుడే, ఎంత కోపం ఉన్నా. తీర్పు వచ్చాక దాన్ని పూర్తిగా చదువు, పత్రికల్లో వచ్చిన నాలుగు పేరాలతో సరిపెట్టుకోకు. మరణశిక్షలు ఖరారు చేస్తూ 2025 ఏప్రిల్‌లో తెలంగాణ హైకోర్టు ఇచ్చిన దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్ల కేసు తీర్పు ఉంది, దానితో మొదలుపెట్టు.

మూడో పేజీ వెనక్కి పంపుతున్నాను. అంచుల్లో పెన్సిల్‌తో గుర్తులు పెట్టాను. రెండో పేజీ చివర, దాడి జరిగిన బైసరన్ మైదానంలో గుర్రాలు నడిపే కుర్రాడి గురించి రాసిన పేరాను మాత్రం ముట్టుకోకు, అలాగే ఉంచు. తిరగరాశాక పంపు. వచ్చే నెల హైదరాబాద్ వస్తే కబురు చెయ్యి, ఇద్దరం కోఠీ దాకా నడిచి వెళదాం. ఆ పెద్దమనిషి గొంతుక్కూర్చున్న చోటు చూపిస్తాను.

ఆశీస్సులతో,
నీ మాస్టారు