డాక్యుమెంటేషన్ టైపింగ్ పని కాదని మీ నాన్నగారికి చెప్పమ్మా

ప్రశ్న: మాది పర్లాకిమిడి. బీసీఏ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. కోడింగ్ వచ్చు కానీ క్లాసులో టాప్ కాదు. పైథాన్ ల్యాబ్ కోసం ఏ ఫంక్షన్ ఏం తీసుకుంటుంది, ఏం ఇస్తుంది, ఎప్పుడు ఏ ఎర్రర్ వస్తుంది అని వరసగా నోట్సు రాసుకుంటే క్లాసంతా జిరాక్స్ తీయించుకున్నారు. టెక్నికల్ రైటింగ్ అనే ఉద్యోగం ఇలాంటిదేనని ఒక సీనియర్ అక్క చెప్పింది. నాన్నగారికి మోటార్ స్పేర్ పార్ట్స్ షాపు ఉంది. అదంతా టైపింగ్ పని, బ్యాంకు కోచింగ్‌కి విశాఖ వెళ్ళు అంటున్నారు. ఏఐ వచ్చేశాక ఈ పని మనుషులకి మిగులుతుందా? మిగిలితే ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు:

అమ్మా, నీ ఉత్తరంలో నాకు పట్టిన మాట ఆ జిరాక్స్. ముందు ఒక పని చెయ్యి, నీ స్నేహితుల దగ్గరున్న కాపీల్లో ఏ పేజీ బాగా నలిగిందో చూడు. మొదటి నుంచి చివరిదాకా చదివినవాళ్ళు ఇద్దరో ముగ్గురో ఉంటారు, మిగతావాళ్ళంతా ల్యాబ్‌లో ఎర్రర్ వచ్చినప్పుడు టెన్షన్‌తో తిరగేసి, కావలసిన ఆ నాలుగు లైన్లు చూసుకుని మూసేసి ఉంటారు. రిఫరెన్స్ అంటే అదే. వెతుక్కునేవాళ్ళ కోసం రాసేది. ఈ సంగతి తెలియకుండా వ్యాసాలు రాసినట్టు రిఫరెన్స్ రాసేవాళ్ళని ఉద్యోగంలో చాలామందిని చూశాను. నీకు ఎవరూ చెప్పకుండానే తెలిసింది.

మీ నాన్నగారి షాపు నేను చూడలేదు గానీ, బరంపురంలో మా మామయ్యదీ అలాంటి షాపే, సెలవులన్నీ అక్కడే గడిపేవాణ్ణి. గోడంతా చిన్న చిన్న సొరుగులు. ప్రతి సొరుగుకీ బయట, లోపలున్న బోల్టో బుష్షో ఒకటి సన్నటి తీగతో కట్టి ఉండేది. కాగితం లేబుల్ ఆయిల్ చేతులకి వారంలో నల్లబడిపోతుంది, కట్టిన బోల్టు అలాగే ఉంటుంది. మెకానిక్ అరిగిపోయిన బుష్షు పట్టుకొచ్చి, వేలాడేవాటి పక్కన పెట్టి చూసి, "ఇదే బాబాయ్, రెండియ్యి" అనేవాడు. ఇంజన్ ఎలా పనిచేస్తుందో ఆ నిమిషంలో అతనికి అక్కర్లేదు, బయట బండి విప్పి ఉంది. డాక్యుమెంటేషన్‌లో, అంటే సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళ కోసం రాసిపెట్టే వివరాల్లో, ఉదాహరణ చేసే పని ఆ కట్టిన బోల్టుదే. ఈ మాట మీ నాన్నగారితో అను, ఆయన ఏళ్ళ తరబడి చేస్తున్న పని ఇదేనని ఆయనకే అర్థమవుతుంది.

ఇప్పుడు అసలు విషయం, సర్దడం. ఒక ప్రోగ్రామింగ్ భాషకీ దాని టూల్స్‌కీ కలిపి వేల ఎంట్రీలు ఉంటాయి. ఏది ఎక్కడ పెట్టాలి అన్నదే కష్టమైన ప్రశ్న, రాయడం దాని తరవాతే. యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మాన్యువల్ 1971లో వచ్చినప్పటి నుంచీ సెక్షన్లుగానే ఉంది. ఇప్పటి లెక్కలో 1 అంటే కమాండ్లు, 2 సిస్టమ్ కాల్స్, 3 లైబ్రరీ ఫంక్షన్లు. ప్రింట్‌ఎఫ్ అనే పేరు 1లోనూ ఉంది, 3లోనూ ఉంది, ఒకటి టెర్మినల్‌లో కొట్టే కమాండ్, రెండోది సీ భాషలో ఫంక్షన్. నంబరు ఇవ్వకుండా అడిగితే మామూలుగా మొదటిది వస్తుంది, సీ నేర్చుకునే పిల్లలు అది చదివి తికమకపడతారు. పేరు ఒకటే అయినప్పుడు ఏది ఎవరికో తేల్చిపెట్టడం ఈ ఉద్యోగంలో రోజూ ఉండేదే.

నువ్వు వాడే పైథాన్‌నే తీసుకో. ట్యుటోరియల్ వేరుగా ఉంటుంది, లైబ్రరీ రిఫరెన్స్ వేరు, లాంగ్వేజ్ రిఫరెన్స్ వేరు. ఫర్ లూప్ నియమాలు లాంగ్వేజ్ రిఫరెన్స్‌లో, లెన్ ఫంక్షన్ లైబ్రరీ రిఫరెన్స్‌లో. బాగానే ఉంది కదా? మరి టూల్స్ దగ్గరికి వచ్చేసరికి చూడు. తప్పులు వెతికే డీబగ్గర్ పీడీబీ లైబ్రరీ రిఫరెన్స్‌లో ఉంటుంది, కమాండ్ లైన్‌లో పైథాన్ తర్వాత ఇచ్చే ఆప్షన్లు సెటప్ అండ్ యూసేజ్ అనే భాగంలో ఉంటాయి, ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసే పిప్ పూర్తి వివరాలకి దాని సొంత సైట్‌కి పోవాలి. ప్రతిదానికీ కారణం ఉంది, పీడీబీ నిజంగానే లైబ్రరీలో ఒక మాడ్యూల్, పిప్ విడిగా నడిచే ప్రాజెక్టు. కానీ కొత్తగా వచ్చిన పిల్లకి ఆ కారణాలు తెలియవు, తెలియాల్సిన అవసరమూ లేదు. రస్ట్ అనే ఇంకో భాష వాళ్ళు వేరేలా చేశారు. ప్యాకేజీలు చూసుకునే కార్గోకి ఒక పుస్తకం, కోడ్‌లో లోపాలు ఎత్తిచూపే క్లిప్పీకి ఒకటి, కంపైలర్‌కి ఒకటి, అన్నిటికీ దారి చూపించే పేజీ ఒకటి. నాకు ఈ పద్ధతే నచ్చుతుంది, ఏ టూల్ గురించి వెతుకుతున్నామో తెలిస్తే చాలు, ఎక్కడికి వెళ్ళాలో తెలిసిపోతుంది. నువ్వు రెండూ పక్కపక్కన తెరిచి ఒక సాయంత్రం కూర్చో, ఏది ఎందుకు అక్కడుందో నీ నోట్సులో రాసుకో.

సర్దడంలో నేను చేసిన తప్పు కూడా చెబుతాను, నీకు పనికొస్తుంది. ఈ కౌన్సెలింగ్‌కి రాకముందు హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో తొమ్మిదేళ్ళు డాక్యుమెంటేషనే రాశాను. ఒక కమాండ్ లైన్ టూల్‌కి అరవై చిల్లర ఆప్షన్లుండేవి, అక్షర క్రమంలో. నేను పనిగట్టుకుని ముఖ్యమైనవి ముందుకి తెచ్చి మొత్తం మార్చేశాను. చదివితే ఎంతో బాగుంది, అందరూ మెచ్చుకున్నారు. రెండు వారాలు తిరక్కుండానే సపోర్ట్ టీమ్ పిల్లలు నా దగ్గరికి వచ్చారు, ఆప్షన్ దొరకట్లేదని రాత్రిళ్ళు ఫోన్ల మీద ఫోన్లట. పేరు తెలిసి వచ్చినవాడికి అక్షర క్రమం కావాలి. చెయ్యాల్సిన పని తెలిసి పేరు తెలియనివాడికి పనుల వారీ పట్టిక కావాలి. నేను మొదటివాణ్ణి పూర్తిగా మర్చిపోయాను. ఆఖరికి వివరాలన్నీ మళ్ళీ అక్షర క్రమంలో పెట్టి, పైన పనుల వారీగా చిన్న పట్టిక ఇచ్చి అక్కణ్ణించి లింకులు పెట్టాం. ఆ పిల్లలు పడ్డ నైట్ డ్యూటీలు తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఒక ఎంట్రీ ఎలా ఉండాలో పైథాన్‌లోని స్ప్లిట్ మీద చూపిస్తాను, స్ట్రింగ్ అంటే అక్షరాల వరస. "స్ట్రింగ్‌ను ముక్కలు చేస్తుంది" అని రాస్తే సరిపోతుందనుకుంటారు చాలామంది. పేరు, ఏమేం తీసుకుంటుంది, ఇవ్వకపోతే ఏమనుకుంటుంది, ఏం తిరిగిస్తుంది, ఎక్కడ ఎర్రర్ ఇస్తుంది, ఇవన్నీ ప్రతి ఎంట్రీలో ఇదే వరసలో రావాలి. ఆ తర్వాత అందరూ దెబ్బతినే చోటు. "రాము,,సీత" ను కామాతో స్ప్లిట్ చేస్తే మూడు ముక్కలొస్తాయి, మధ్యది ఖాళీ. అదే రాముకీ సీతకీ మధ్య రెండు స్పేస్‌లు పెట్టి, బ్రాకెట్లో ఏమీ ఇవ్వకుండా స్ప్లిట్ చేస్తే రెండే వస్తాయి. స్పేస్‌ను మనమే ఇచ్చి చేస్తే మళ్ళీ మూడు. ఖాళీ స్ట్రింగ్‌కి ఏమీ ఇవ్వకుండా చేస్తే ఖాళీ లిస్టు, కామా ఇచ్చి చేస్తే లోపల ఒక ఖాళీ స్ట్రింగ్ ఉన్న లిస్టు. ఇంతే, అయిదారు లైన్లు. కానీ ఈ లైన్లు లేకపోవడం వల్ల ఎక్సెల్ నుంచి వచ్చిన జాబితాల్లో ఒక కాలమ్ పక్కకి జరిగిపోయి జీతాల లెక్క తప్పొచ్చు. ఇవి నువ్వు స్వయంగా నడిపి చూసి రాయాలి, ఎక్కడో చదివి కాదు. పైథాన్‌లో డాక్‌టెస్ట్ అనే మాడ్యూల్ ఉంది, నువ్వు రాసిన ఉదాహరణ నిజంగా ఆ జవాబే ఇస్తోందా అని నడిపి చూస్తుంది. రస్ట్‌లో అయితే డాక్యుమెంటేషన్‌లోని ఉదాహరణలు టెస్టులతో పాటే నడుస్తాయి.

ఏఐ గురించి అడిగావు. డ్రాఫ్టు అది రాసేస్తుంది, ఆ మాట దాచను. కేవలం ఇంగ్లిష్ వాక్యాలు దిద్దే పని మాత్రమే వచ్చినవాళ్ళకి గడ్డుకాలమే. అయితే అది లేని ఆప్షన్‌ను ఉందని, పాత వెర్షన్ డిఫాల్ట్‌ను ఇప్పటిదని ఎంతో ధీమాగా రాస్తుంది. నడిపి చూసి తప్పు పట్టేవాళ్ళు కావాలి, ఏది ఎక్కడ ఉండాలో తేల్చేవాళ్ళు కావాలి. కాబట్టి కోడింగ్ వదలకు. టాప్ రానక్కర్లేదు, ఇంకొకరు రాసిన కోడ్ చదివి ఇది ఏం చేస్తుందో ఖాయంగా చెప్పగలిగేంత రావాలి.

ఇంకో సంగతి, మీ ఊరి గురించే. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో రాజావారి బడిలో పంతులుగా ఉంటూ సవర గిరిజనుల దగ్గర వాళ్ళ భాష నేర్చుకున్నారు. సవర పిల్లలు చదువుకోవడానికి వాచకాలు వేరుగా, వ్యాకరణం వేరుగా, నిఘంటువు వేరుగా తయారుచేశారు. నేర్చుకునేవాడికి ఒకటి, వెతుక్కునేవాడికి ఒకటి. అది సవర భాష, ఇది పైథాన్, అంతే తేడా. వాడుక మాటల్లో రాయాలని ఆయన అంతగా పోరాడిన ఊళ్ళో పుట్టినదానివి, నీ ఇంగ్లిష్ కూడా అలాగే తేలికగా, చిన్న వాక్యాల్లో ఉండనీ.

ఉద్యోగాల సంగతికొస్తే, టెక్నికల్ రైటర్, డాక్యుమెంటేషన్ ఇంజనీర్ అనే పేర్లతో హైదరాబాద్, బెంగళూరు, పూణేల్లో ఉంటాయి. ఫ్రెషర్లకి నేరుగా దొరకడం కష్టం. చాలామంది టెస్టింగ్‌లోనో సపోర్ట్‌లోనో చేరి అక్కణ్ణించి ఇటు మారతారు, అదేం తక్కువ దారి కాదు, వాడేవాళ్ళ ఇబ్బందులు అక్కడ తెలిసినంతగా ఇంకెక్కడా తెలియవు. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ కన్నా నువ్వు రాసిన పేజీలు అడుగుతారు. మన బోర్డర్ పిల్లలకి ఒడిశా సర్కారు ఉద్యోగమంటే ఒడియా పరీక్ష, ఆంధ్రాలో అంటే స్థానికత, ఎటు చూసినా ఒక కాగితం అడ్డొస్తుంది. ఈ పనిలో ఆ గొడవ లేదు.

నాన్నగారితో పోట్లాడకు. బ్యాంకు క్లర్కు పరీక్షకి 28 ఏళ్ళ దాకా, పీఓ (ప్రొబేషనరీ ఆఫీసర్) పరీక్షకి 30 దాకా టైముంది, డిగ్రీ అయ్యాక ఆర్నెల్లు అడిగితే ఆయన కాదనలేరు. ఆ ఆర్నెల్లలో మార్పుల చరిత్ర దాచే గిట్, మామూలు టెక్స్ట్‌తోనే పేజీ అందంగా రాసే మార్క్‌డౌన్, డాక్యుమెంటేషన్ పేజీలు తయారుచేసే స్ఫింక్స్ నేర్చుకో. స్ఫింక్స్ పుట్టిందే పైథాన్ డాక్యుమెంటేషన్ కోసం, 2008లో గేయోర్గ్ బ్రాండ్ల్ విడుదల చేశాడు. గూగుల్ వాళ్ళ టెక్నికల్ రైటింగ్ కోర్సులు ఉచితం, వారంలో అయిపోతాయి. తర్వాత అందరూ కోడ్ పంచుకునే గిట్‌హబ్ సైట్‌లో రీడ్‌మీ (పరిచయం పేజీ) తప్ప ఇంకే డాక్యుమెంటేషనూ లేని చిన్న పైథాన్ టూల్ ఒకటి చూసుకో, పది ఆప్షన్లకి మించనిది. దాని ప్రతి ఆప్షన్ నడిపి చూసి పూర్తి రిఫరెన్స్ రాసి, అది తయారుచేసినవాళ్ళకే పంపు. తీసుకుంటే నీ పేరు అక్కడ ఉంటుంది, తీసుకోకపోయినా పేజీ నీ దగ్గరుంటుంది. రీడ్‌మీలో ఒకటి రాసి, టూల్ ఇంకోటి చేసే చోటు కనీసం ఒకటైనా నీకు దొరుకుతుంది, అది విడిగా రాసిపెట్టుకో, ఇంటర్వ్యూలో చెప్పడానికి అంతకన్నా మంచి కథ ఉండదు.

మొదటి పేజీ అయ్యాక మీ జూనియర్ అమ్మాయి ఒకర్ని కూర్చోబెట్టి, ఆ పేజీ ఇచ్చి ఒక పని చెప్పు. నువ్వు పక్కనే ఉండు కానీ నోరు విప్పకు. ఎక్కడ ఆగింది, ఎక్కడ వెనక్కి తిప్పింది, ఏ మాట కోసం వెతికింది, అన్నీ రాసుకుని ఆ కాగితం నాకు పంపు.