పిన్ను దూరింది కదా అని స్విచ్ వేయకు

చిరంజీవి అల్లుడికి,

మావయ్య ఆశీస్సులు. నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫొటో చూశాను. తాతగారి క్యాసెట్ డెక్ వెనక ఉన్న సాకెట్ ఒక పక్క గుండ్రంగా, ఇంకో పక్క పలకగా ఉంది. లోపల రెండు పిన్నులు. వైరు ఎక్కడ పోయిందో ఎవరికీ తెలీదు. మన విశాఖ జగదాంబ జంక్షన్ దగ్గర షాపతను మామూలు 8 అంకె ఆకారం వైరు చేతిలో పెట్టి "ఏటవదు, గుచ్చేయండి" అన్నాడన్నావు. గుచ్చితే దూరుతుంది కూడా. నా భయం అదే.

హార్బర్‌కి వచ్చే ఓడలవాళ్ల దగ్గర సెకండ్‌హ్యాండ్ సెట్లు దొరికే రోజుల్లో నేనూ ఒక జపాన్ ఆంప్లిఫయర్ కొన్నాను. ప్లగ్ సరిపోయింది, సంబరంగా స్విచ్ వేశాను. జపాన్ ఇళ్లలో కరెంటు 100 వోల్టులు, మనకు 230. పాట మొదలవకముందే ట్రాన్స్‌ఫార్మర్‌లో వార్నిష్ కాలిన వాసన, పై కన్నాల్లోంచి పొగ. మీ అత్తయ్య ఇప్పటికీ నేను ఏ ప్లగ్ ముట్టుకున్నా ఫ్యాన్ వేసి కిటికీ తీస్తుంది.

అందుకని ముందు ప్లగ్ సంగతి వదిలెయ్. వెనకున్న రేకు మీద దుమ్ము తుడిచి చదువు. ఏసీయా డీసీయా, ఎన్ని వోల్టులు, ఎన్ని వాట్లు. వోల్టేజీ మార్చడానికి స్క్రూడ్రైవర్‌తో తిప్పే చిన్న చక్రం ఉంటే అదృష్టం, 220–240 దగ్గర పెడితే చాలు. 100 ఒక్కటే రాసి ఉంటే వోల్టేజీ తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. 110 ఇచ్చేది అంటగడతారు, వద్దను. అప్పటికే పది శాతం ఎక్కువ, పైగా మన లైన్లో వోల్టేజీ పెరిగిన రోజు ఇంకా పెరుగుతుంది. సరిగ్గా 100 ఇచ్చేదే, సెట్టు వాట్లకు రెట్టింపు సామర్థ్యంతో తీసుకో.

తర్వాత మూత విప్పు. సెట్టు దేనికీ తగిలించి ఉండకూడదు, ఇదివరకే ఆన్ చేసి ఉంటే కాసేపు ఆగు, పెద్ద కెపాసిటర్లలో కరెంటు మిగిలి ఉంటుంది. సాకెట్ నుంచి వచ్చే వైర్లు ఫ్యూజు, స్విచ్ మీదుగా ట్రాన్స్‌ఫార్మర్‌కి వెళ్తే అది గోడ కరెంటు సాకెట్టే. కరెంటుకి తగిలించకుండానే, సెట్టు స్విచ్ మాత్రం ఆన్‌లో ఉంచి, మల్టీమీటర్ ఓమ్స్‌లో పెట్టి రెండు పిన్నుల మధ్య చూడు. పదుల్లోనో వందల్లోనో చూపిస్తే ప్రైమరీ, అంటే ట్రాన్స్‌ఫార్మర్‌లో గోడ కరెంటు అందుకునే తీగ చుట్ట, బతికే ఉంది. ఏమీ చూపించకపోతే ముందు ఫ్యూజు చూడు. ఏ పిన్నుకీ బాడీకీ మధ్య తక్కువ ఓమ్స్ చూపించినా అక్కడితో ఆపి నాకు ఫోన్ చెయ్.

ఇప్పుడు ఆకారం. తెల్ల కాగితం సాకెట్ మీద అదిమి పెన్సిల్ రుద్దు, అచ్చు పడుతుంది. పిన్ను లావు, మధ్య దూరం వెర్నియర్‌తో కొలిచి ఆ కాగితం మీదే రాసుకుని షాపుకి వెళ్లు, ఫొటోలో సైజు తెలీదు. ఆ పలక పక్క పెట్టింది ఫేజు, న్యూట్రల్ తారుమారు కాకూడదని. మామూలు 8 అంకె వైరు అందులో ఎటైనా దూరుతుంది. పలక పక్క ఉన్న వైరే దొరికినా, గోడ దగ్గర రెండు పిన్నుల ప్లగ్ పెడితే శ్రమ వృథా, అదీ ఎటైనా దూరేదే. అటు మూడు పిన్నుల ప్లగ్ పెట్టు.

దొరక్కపోతే నెలల తరబడి తిరగకు, అలాగని వెనక రేకుని ఆకురాయితో కోయకు. పాత సాకెట్ స్క్రూలు విప్పి, అవే కన్నాలకి సరిపోయేలా చిన్న అల్యూమినియం పలక మీద కొత్త సాకెట్ బిగించు. ఫేజు ముందు ఫ్యూజుకే వెళ్లాలి. పాతదాన్ని కవర్లో వేసి సెట్టు లోపలే టేపుతో అంటించు. ఇంకో సెట్టుకి మూడు పిన్నుల సాకెట్ ఉంటే, గుయ్‌మంటోందని ఎర్త్ కత్తిరించే మెకానిక్‌ని ఇంటికి రానివ్వకు.

నిజానికి మన ఊళ్లో సగం కేసుల్లో సాకెట్ పాడవదు. సముద్రపు గాలికి ఇత్తడి పిన్నులకి పచ్చగా చిలుము పడుతుంది. సన్నటి ఎమరీ కాగితంతో రుద్ది కాంటాక్ట్ క్లీనర్ కొడితే మెరుస్తాయి. పిన్ను నల్లగా కాలి ఉంటే మాత్రం మార్చాల్సిందే.

అంతా అయ్యాక కూడా నేరుగా గోడకి తగిలించకు. ఆదివారం సెట్టు పట్టుకుని అల్లిపురం వచ్చెయ్. 60 వాట్ల ఫిలమెంట్ బల్బు ఒకటి దాచాను, ఇప్పుడు షాపుల్లో అడిగితే ఎల్‌ఈడీ చేతిలో పెడుతున్నారు. సెట్టుకి వెళ్లే కరెంటు దాని గుండా పోయేలా సీరీస్‌లో పెట్టి చూద్దాం. ఒక్కసారి మెరిసి మసకబారితే మంచిదే, వెలుగుతూనే ఉంటే లోపల ఎక్కడో షార్ట్ ఉన్నట్టు. క్యాసెట్లు మాత్రం తేవద్దు. లోపలి రబ్బరు బెల్టు ఏ స్థితిలో ఉందో చూడకుండా, తాతగారి గొంతున్న టేపు అందులో పెట్టనివ్వను.

మావయ్య