క్రీడా సందేహాలు: ఏడు గెలుపులు, పది ఓటములు, ఒక మనవడి కోరిక

ఈసారి వచ్చిన ఉత్తరాలలో నాలుగు ఒకే జట్టు గురించి ఉన్నాయి: అమెరికన్ ఫుట్‌బాల్ ఆడే డాలస్ కౌబాయ్స్. డాలస్ చుట్టుపక్కల స్థిరపడిన మన ఓరుగల్లు, కరీంనగర్ కుటుంబాలు సెలవులకు ఇళ్లకు వచ్చిపోయే కాలం కాబట్టి ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. నాలుగింటికీ ఒకేచోట జవాబిస్తున్నాను.

ప్రశ్న: మా అబ్బాయి కుటుంబం డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటుంది. ఈ వేసవిలో వచ్చిన మా మనవడు నాలుగో నంబరు చొక్కా ఒంటిమీద నుంచి తియ్యకుండా తిరుగుతూ, డాలస్ కౌబాయ్స్ జట్టు 2024 సీజన్‌లో పదిహేడు ఆటలకు ఏడు గెలిచి పది ఓడిందని చెప్పాడు. అంతటితో ఆగక, “ఇంకో నాలుగు ఓడిపోతే మంచిగుండేది తాతా” అన్నాడు. సొంత జట్టు ఓడాలని కోరుకోవడం ఏం అభిమానమో నాకు అర్థం కాలేదు.
– విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు, సుబేదారి, హనుమకొండ

జవాబు: సార్, మీ మనవడి మాట వినడానికి విడ్డూరంగా ఉన్నా, అది లెక్క తెలిసినవాడు అన్న మాటే. కౌబాయ్స్ ఆడే ఎన్‌ఎఫ్‌ఎల్ అనే లీగులో 32 జట్లున్నాయి. ఒక్కొక్కటి 17 ఆటలు ఆడిన తర్వాత 14 జట్లు మాత్రమే నాకౌట్ దశకు వెళ్తాయి. చివర నిలిచిన జట్టును కింది లీగులోకి దించే ఆచారం అక్కడ లేదు సరికదా, మరుసటి ఏప్రిల్‌లో కళాశాలల నుంచి వచ్చే కొత్త ఆటగాళ్లను ఎంచుకునేటప్పుడు అందరికంటే ఎక్కువ ఓడిన జట్టుకే మొదటి వంతు దక్కుతుంది. మన ఐపీఎల్‌లో లాగా వేలంలో నాలుగు రూపాయలు ఎక్కువ పాడి నచ్చిన కుర్రవాడిని తీసుకుపోవడం కుదరదు. వంతు వచ్చేదాకా ఆగాలి, లేదా మరో జట్టుకు ఏదైనా గట్టిది ముట్టజెప్పి దాని వంతు తీసుకోవాలి. 2024లో మూడే ఆటలు గెలిచిన టెనెసీ టైటన్స్ 2025 ఎంపికలో మొదటి వంతున క్యామ్ వార్డ్ అనే క్వార్టర్‌బ్యాక్‌ను, అంటే బంతి విసిరి దాడిని నడిపించే ఆటగాడిని తీసుకుంది. కౌబాయ్స్‌కు పన్నెండో వంతు వచ్చింది; దానితో టైలర్ బుకర్ అనే గార్డును, అంటే బంతి విసిరేవాడికి అడ్డుగా నిలబడే భారీ ఆటగాడిని తీసుకున్నారు. మంచి ఆటగాడే, కానీ జట్టు తలరాత మార్చే స్థానం కాదది. మనవడు చెప్పిన నాలుగు కూడా ఓడి ఉంటే వంతు మొదటి మూడు నాలుగింటిలోకి జరిగేది. అటు నాకౌట్ దశకు పోలేక, ఇటు మంచి వంతు దక్కక నడుమ చిక్కుకున్న జట్టును మన పెద్దలు రెంటికీ చెడ్డ రేవడి అనేవారు.

అయితే ఆ ఏడు గెలుపుల సంఖ్య కూడా జట్టును ఉన్నదానికంటే మెరుగ్గా చూపిస్తున్నది. మీరు గణితం చెప్పినవారు కనుక మరో లెక్క చూడండి. సీజన్ మొత్తంలో కౌబాయ్స్ సాధించినవి 350 పాయింట్లు, సమర్పించుకున్నవి 468. తేడా 118. పదిహేడుతో భాగిస్తే ఆటకు ఇంచుమించు ఏడు, అంటే ప్రతి ఆటలోనూ ఒక టచ్‌డౌన్ (బంతిని ఎదుటివారి చివరి గీత దాటిస్తే వచ్చే ఆరు పాయింట్లు), దాని వెంట వచ్చే కిక్కు (ఒక పాయింటు) వెనకబడి ఉన్నట్టు. ఇంత లోటు మోస్తున్న జట్టు ఏడు గెలవడమే ఎక్కువ.

ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు కదా, ఈ జట్టు తీరు సరిగ్గా తలకిందులైంది. బయటి ఊళ్లలో ఎనిమిది ఆడి ఐదు గెలిచింది. ఆర్లింగ్టన్‌లో 80,000 మంది పట్టే సొంత స్టేడియంలో తొమ్మిది ఆడి రెండే గెలిచింది. న్యూ ఆర్లియన్స్ చేతిలో 44–19, ఫిలడెల్ఫియా చేతిలో 34–6, హ్యూస్టన్ చేతిలో 34–10, ఇవన్నీ సొంత ప్రేక్షకుల ముందే. వీటికి మించినది అక్టోబరు 13న డెట్రాయిట్ చేతిలో 47–9 ఓటమి. ఆ రోజు యజమాని జెర్రీ జోన్స్ ఎనభై రెండో పుట్టినరోజు.

కారణాలు అడిగితే చాలామంది గాయాల పేరు చెబుతారు. అబద్ధం కాదు. మీ మనవడి చొక్కా మీది నాలుగో నంబరు ఆటగాడు, క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్, నవంబరు 3న అట్లాంటాలో తొడ వెనుక కండరం దెబ్బతిని మిగతా సీజన్‌కు దూరమయ్యాడు. అప్పట్లో రక్షణ దళంలో ప్రధానుడైన మైకా పార్సన్స్ చీలమండ గాయంతో నాలుగు ఆటలు ఆడలేదు. కానీ ప్రెస్కాట్ మొదలుపెట్టిన ఎనిమిది ఆటల్లో జట్టు మూడే గెలిచింది. అతని స్థానంలో వచ్చిన కూపర్ రష్ ఎనిమిది ఆడి నాలుగు గెలిపించాడు. ప్రత్యర్థులు కొంత బలహీనులన్నది నిజమే అయినా, సీజన్ మొదటి ఆటకు కొద్ది గంటల ముందు నాలుగేళ్లకు 24 కోట్ల డాలర్లకు ఒప్పందం చేసుకున్న ఆటగాడి లెక్క ఇలా తేలడం నాకు గాయాల కథకంటే పెద్ద విషయంగా కనిపిస్తుంది.

నా దృష్టిలో అసలు తప్పు వేసవి కంటే ముందే జరిగింది. లీగు ప్రతి జట్టు జీతాల ఖర్చుకు గరిష్ఠ పరిమితి విధిస్తుంది. 2024లో అది 25.54 కోట్ల డాలర్లు. తారలకు ఇవ్వవలసింది ఎంతో ముందుగా తేల్చుకున్న జట్టే మిగిలిన సొమ్ముతో మార్చిలో, ఒప్పందం ముగిసిన ఆటగాళ్ల సంత తెరిచినప్పుడు, సరుకు కొనగలదు. కౌబాయ్స్ యాజమాన్యం పంతంతో నాన్చి, బంతి అందుకునే సీడీ ల్యాంబ్ ఒప్పందాన్ని ఆగస్టు చివరిదాకా, ప్రెస్కాట్ ఒప్పందాన్ని సెప్టెంబరు దాకా లాగింది. ఈలోగా, సీజన్ లేనప్పుడు డాలస్‌లోనే ఉండే డెరిక్ హెన్రీ అనే బలమైన పరుగు ఆటగాడు రెండేళ్లకు 1.6 కోట్ల డాలర్లకు బాల్టిమోర్ వెళ్లిపోయి, ఆ సీజన్‌లో 1,921 గజాలు పరుగెత్తాడు. అందులో 151 గజాలు డాలస్ స్టేడియంలో, డాలస్ మీద.

ప్రశ్న: సిన్సినాటీతో ఆటలో డాలస్ వాళ్లు ఎదుటివారి కిక్కును అడ్డుకున్నారు, అయినా బంతి మళ్లీ సిన్సినాటీకే ఇచ్చారు. మా తమ్ముడు ఇప్పటికీ అన్యాయం అంటున్నాడు.
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: అన్యాయం కాదమ్మా, అజాగ్రత్త. డిసెంబరు 9 రాత్రి, మనకు మంగళవారం ఉదయం, స్కోరు 20–20, చివరి రెండు నిమిషాలు నడుస్తున్నాయి. సిన్సినాటీ బంతిని దూరంగా తన్ని డాలస్‌కు వదిలేయవలసిన పరిస్థితి. ఆ కిక్కును డాలస్ ఆటగాడు చేతితో ఆపాడు, స్టేడియం లేచి నిలబడింది. బంతి మాత్రం కిక్కుకు ముందు రెండు జట్లూ ఎదురెదురుగా నిలిచిన గీతను దాటి అవతల దొర్లుతోంది. దానిని ఎవరూ ముట్టుకోకపోతే చాలు, బంతి డాలస్‌దే. డాలస్ కార్నర్‌బ్యాక్ (రక్షణ ఆటగాడు) అమానీ ఒరువారియే దానిని పట్టబోయాడు, చేతికి తగిలి జారిపోయింది. డాలస్ చెయ్యి తగలగానే అది ఎవరైనా పట్టుకోదగిన బంతి అయిపోతుంది. సిన్సినాటీవాళ్లు దాని మీద పడ్డారు. కాసేపటికే సిన్సినాటీ ఆటగాడు జమార్ చేజ్ 40 గజాల టచ్‌డౌన్ చేశాడు, ఆట 27–20తో ముగిసింది. కబడ్డీ తెలిసినవారికి ఇది కొత్త కాదు. పక్కనున్న లాబీ మామూలుగా ఆటలో భాగం కాదు, కూతకు వచ్చినవాడికీ ఎదుటివాడికీ స్పర్శ జరిగిన క్షణం నుంచి అది కూడా కోర్టే అవుతుంది. ఇక్కడ కూడా ఆ ముట్టుకోవడమే కొంప ముంచింది.

మీ తమ్ముడి ఊరట కోసం ఒక మాట: అదృష్టం అంతకు రెండు వారాల ముందే డాలస్ పక్షాన నిలిచింది. వాషింగ్టన్ జట్టు ఆఖరి 21 సెకన్లు మిగిలి ఉండగా 86 గజాల టచ్‌డౌన్ చేసి, సమం చేసే సులువైన కిక్కును పోగొట్టుకుంది; ఆ వెంటనే డాలస్ ఎదురు టచ్‌డౌన్ చేసి 34–26తో గెలిచింది.

ప్రశ్న: ఇన్నేళ్లుగా ఇలాగే ఆడుతుంటే యజమానికి నష్టం రాదా? కోచ్‌ను మార్చారని విన్నాను, బాగుపడుతుందా?
– ఒక సింగరేణి ఉద్యోగి, మంచిర్యాల

జవాబు: నష్టం రాదు. జాతీయ టెలివిజన్ హక్కుల సొమ్మును లీగు 32 జట్లకూ సమానంగా పంచుతుంది, గెలిచినా ఓడినా వాటా మారదు. జెర్రీ జోన్స్ 1989లో సుమారు 14 కోట్ల డాలర్లకు కొన్న ఈ జట్టు విలువను ఫోర్బ్స్ పత్రిక 2024లో 1,010 కోట్ల డాలర్లుగా కట్టింది. అప్పటికి ప్రపంచంలోని మరే క్రీడా జట్టుకూ అంత విలువ లేదు. ఆయన హయాంలో 1992, 1993, 1995 సీజన్లలో మూడు సూపర్ బౌల్‌లు, అంటే లీగు ఫైనల్స్, గెలిచిన మాట నిజం; ఆ తర్వాత ఇప్పటిదాకా ఫైనల్ ముందు మెట్టు కూడా ఎక్కలేదు. 2011, 2012, 2013లలో వరుసగా మూడేళ్లు ఎనిమిది గెలిచి ఎనిమిది ఓడింది (అప్పుడు పదహారే ఆటలు). మూడేళ్లూ చివరి ఆటలో, గెలిస్తే డివిజన్‌లో (నాలుగు జట్ల గుంపులో) మొదటి స్థానం తమదయ్యే ఆటలో, ఓడిపోయింది. ఆ కోచ్‌ను అప్పుడు తియ్యలేదు, మరుసటి ఏడాది పన్నెండు గెలిచాడు కూడా.

ఈసారి కోచ్ మైక్ మెకార్తీ 2025 జనవరిలో వెళ్లిపోయాడు. అంతకుముందు వరుసగా మూడు సీజన్లు అతను పన్నెండేసి ఆటలు గెలిపించినవాడే. అతని కిందే పనిచేసిన బ్రయాన్ షాటెన్‌హైమర్‌ను పైకి తెచ్చారు. ఆటగాళ్లను ఎంచే జనరల్ మేనేజరు పదవి మాత్రం యజమాని తన దగ్గరే ఉంచుకున్నారు. అది మారనంత కాలం కోచ్ మారినందువల్ల పెద్ద తేడా ఉంటుందని నేను అనుకోవడం లేదు.

ప్రశ్న: ఈ ఆటలు మనకు ఏ వేళకు వస్తాయి?
– ఒక డిగ్రీ విద్యార్థి, జగిత్యాల

జవాబు: డాలస్‌లో ఆదివారం మధ్యాహ్నం పన్నెండింటి ఆట మనకు రాత్రి పదిన్నరకు మొదలవుతుంది, నవంబరు మొదటి ఆదివారం వాళ్ల గడియారాలు గంట వెనక్కి జరుగుతాయి కనుక అప్పటినుంచి పదకొండున్నరకు. అక్కడి సోమవారం రాత్రి ఆటలు మనకు మంగళవారం ఉదయం వస్తాయి. నవంబరు చివర్లో వచ్చే థ్యాంక్స్‌గివింగ్ ఆటకైతే అలారం పెట్టుకోవాలి, మనకు శుక్రవారం తెల్లవారుజామున మూడింటికి. 2025 సీజన్ తొలి ఆట సెప్టెంబరు 4న ఫిలడెల్ఫియాలో జరిగింది. మనకు అది 5వ తేదీ శుక్రవారం ఉదయం ఆరుకు పది నిమిషాల ముందు మొదలైంది.