మనవరాలి చీమలు, తాతయ్య ‘అబ్బో’

ప్రశ్న: నాకు 61 ఏళ్లు. నాలుగేళ్ల మనవరాలు చీమల బారు కనిపిస్తే చాలు, అరగంటైనా కదలదు. ‘తాతయ్యా, ఇటు చూడు’ అంటుంది. చూస్తాను. నాకేమీ అనిపించదు. దాని సంతోషం కోసం ‘అబ్బో’ అంటాను, అంతే. ఒకప్పుడు ఇంద్రధనుస్సు వస్తే ఇంట్లో అందరినీ బయటికి లాక్కొచ్చేవాణ్ని. వయసు పైబడితే ఆశ్చర్యపడే గుణం ఎండిపోతుందా?

జవాబు: ఆ దొంగ ‘అబ్బో’ నాకు బాగా తెలుసండీ. ముప్ఫై ఏళ్లకు పైగా సైన్స్ పాఠాలు చెప్పాను. అయస్కాంతం చుట్టూ ఇనుప రజను గీతలు గీతలుగా సర్దుకుంటుంటే పిల్లలంతా నోళ్లు తెరిచేవాళ్లు. నేను మాత్రం బెల్లు ఎప్పుడు కొడతారా అని చూసేదాన్ని. కాబట్టి మనసు కుర్రదైతే చాలు లాంటి కబుర్లు మీకు చెప్పను. కొంత తగ్గుతుంది.

మెదడు ఎప్పుడూ తర్వాత ఏం జరుగుతుందో అంచనా వేస్తూనే ఉంటుంది. వోల్ఫ్‌రామ్ షుల్ట్స్ అనే శాస్త్రవేత్త కోతుల మీద చేసిన ప్రయోగాలు ఉన్నాయి. అనుకోకుండా పళ్లరసం చుక్క నోట్లో పడితే మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని వదిలే కణాలు గట్టిగా స్పందించాయి. లైటు వెలిగితే రసం వస్తుందని అలవాటయ్యాక, అవే కణాలు లైటుకు స్పందించాయి గానీ రసానికి ఉలకలేదు, పలకలేదు. రసం రుచేమీ మారలేదు. తెలిసిపోయింది, అంతే. ఆశ్చర్యమంటే మొత్తం ఇదేనని కాదు గానీ, మీ చీమల విషయంలో జరిగింది చాలావరకు ఇదే.

ఇంకో సంగతి ఉంది. మనతో పాటు కన్నూ ముసలిదవుతుంది. కంటిలోని లెన్స్ ఏళ్ల తరబడి పసుపెక్కుతూ నీలం వెలుగును ఆపేస్తుంది. చీకట్లో కంటిపాప కుర్రతనంలో తెరుచుకున్నంత పెద్దగా తెరుచుకోదు, దాంతో ఆకాశంలో మసక చుక్కలు కనబడటం మానేస్తాయి. పోయిన ఏడాది నా కుడికంటికి శుక్లం ఆపరేషన్ అయింది. కట్టు విప్పిన రోజు ఎదురుగా కిటికీకి తెల్ల తెర ఉంది. ఎడమకన్ను మూస్తే తెల్లగా, లేత నీలం కలిపి ఉతికినట్టు ఉంది. కుడికన్ను మూస్తే అదే తెర పాత పుస్తకం కాగితంలా ఉంది. మూసి తెరిచి, మూసి తెరిచి ఎన్నిసార్లు చూశానో! మా అబ్బాయి టెన్షన్ పడి డాక్టర్‌కి ఫోన్ చేయబోయాడు. లోకం చప్పబడిపోయిందని నేను ఇన్నాళ్లూ పెట్టిన నిందలో కొంత వాటా లెన్స్‌దన్నమాట. ఎడమకంటి ఆపరేషన్ నేనే రెండుసార్లు వాయిదా వేశాను. అదీ అయిపోతే పోల్చి చూసుకోవడానికి ఏం మిగులుతుంది? (మీరు మాత్రం ఇలా చేయకండి. ముందు కళ్లు చూపించుకోండి.)

ఇక ఎండిపోవడం సంగతి. 22 ఏళ్లప్పుడు కాలేజీ టెలిస్కోప్‌లో తొలిసారి శనిగ్రహాన్ని చూశాను. చిన్న గింజంత, చుట్టూ వలయం. ‘అచ్చం పుస్తకంలో బొమ్మలా ఉందే’ అనుకుని పక్కకు జరిగాను, వెనక లైను ఉంది మరి. మళ్లీ చూసింది 51వ ఏట. శని సూర్యుణ్ని ఒకసారి చుట్టి రావడానికి సుమారు 29న్నర ఏళ్లు పడుతుంది. నేను ఉద్యోగంలో చేరి, పెళ్లాడి, పిల్లల్ని పెంచి, అమ్మానాన్నల్ని సాగనంపే లోపు అది ఒకే ఒక్క చుట్టు తిరిగి, దాదాపు అవే నక్షత్రాల మధ్యకు వచ్చి కూర్చుంది. నా కంట్లో పడుతున్న వెలుగు అక్కడ బయల్దేరి గంట దాటింది. 1610లో గెలీలియో ఆ వలయాన్నే చూసి పక్కన ఇంకో రెండు గోళాలున్నాయనుకున్నాడు. ఇవన్నీ 22 ఏళ్లప్పుడూ తెలిసినవే, పరీక్షకు చదివినవే. 51లో మాత్రం టెలిస్కోప్ దగ్గర నాకు కాళ్లు వణికాయి. మీ మనవరాలికి ఇది అందదు. 29 ఏళ్లంటే ఎంతో దానికింకా తెలియదు కదా!

2020లో అమెరికాలో వయసు మళ్లినవాళ్లతో ఒక పరిశోధన చేశారు. వారానికోసారి 15 నిమిషాల నడక, అలా 8 వారాలు. కొందరికి మాత్రం దారిలో ప్రతిదీ కొత్తగా చూడమని చెప్పారు. నడకలో అందరూ సెల్ఫీలు తీసుకోవాలి. వారాలు గడిచేకొద్దీ, కొత్తగా చూడమన్నవాళ్ల ఫొటోల్లో వాళ్ల బొమ్మ చిన్నదవుతూ, చుట్టూ ఉన్న లోకం పెద్దదవుతూ వచ్చిందట. నాకు ఆ పరిశోధనలో నచ్చింది ఇదొక్కటే.

అందుకని మనవరాలితో పోటీ పెట్టుకోకండి. మీకు తెలిసింది పట్టుకుని దాని పక్కన కూర్చోండి. ఆ బారులో తిండి మోసేవన్నీ ఆడ చీమలేనని చెప్పండి. తర్వాత బారుకు అడ్డంగా నేల మీద వేలితో గట్టిగా ఒక గీత రాయండి. ముందు వెళ్లినవి వదిలిన వాసన అక్కడ చెరిగిపోతుంది. వెనక వచ్చేవి గీత దగ్గర ఆగి, మీసాలతో అటూ ఇటూ తడుముకుంటాయి. మళ్లీ దారి కలవడానికి ఎంతసేపు పడుతుందో ఇద్దరూ లెక్కపెట్టండి. ‘అబ్బో’ అనాలనిపిస్తే అప్పుడు అనండి.