మిట్టూరు ఇల్లు అమ్మకండి, ముందు ఒక ఏడాది అద్దెకుండి చూడండి

ప్రశ్న: మాది చిత్తూరు, మిట్టూరులో సొంతిల్లు. మావారు ప్రభుత్వ హైస్కూల్లో హెడ్మాస్టరు, వచ్చే ఏడాది 62 నిండి రిటైరవుతారు. ఆరేళ్ళ కిందట చంద్రగిరి దగ్గర అరవై అంకణాల ప్లాటు కొన్నాం. ఇప్పుడు ఈ ఇల్లు అమ్మి, రిటైర్మెంట్ డబ్బు కలిపి అక్కడ డూప్లెక్స్ కట్టాలని పట్టుబడుతున్నారు. లెక్కల నోట్సులో ప్లాన్ కూడా గీసేశారు, పైన బెంగళూరులో ఉన్న అబ్బాయికొక రూము, అమెరికాలో ఉన్న అమ్మాయికొక రూము. మేస్త్రీ 45 లక్షలన్నాడు. నాకు మోకాళ్ళ నొప్పులు, వెల్లూరులో చూపించుకుంటున్నాను. పాతికేళ్ళుగా ఉన్న ఈ వీధి వదిలిపోవాలని లేదు. ఆ మాటంటే "కొండ కింద ఉండే అదృష్టం ఎంతమందికి దొరుకుతుంది" అంటారు. దానికి నేనేం జవాబు చెప్పను? ఇంట్లో రోజూ ఇదే టెన్షన్.

జవాబు: అమ్మా, మీవారు గట్టి మాటే పట్టుకున్నారు. స్వామివారిని మధ్యలోకి తెచ్చాక వద్దని ఎవరు మాత్రం అనగలరు? అందుకే ముందు స్వామిని ఆయన చోట ఆయన్ని ఉండనిచ్చి, మనం ఇంటి సంగతి మాట్లాడుకుందాం.

నేననేది ఇదీ. మిట్టూరు ఇల్లు అమ్మకండి, అక్కడ ఇప్పుడే పునాది కూడా తీయకండి. ఆయన రిటైరయ్యాక చంద్రగిరిలోనో శ్రీనివాసమంగాపురం వైపో చిన్న పోర్షన్ అద్దెకు తీసుకుని ఒక ఏడాది ఇద్దరూ ఉండండి. మిట్టూరు ఇంట్లో ముందు భాగం అద్దెకిచ్చి వెనక ఒక గది మీకు ఉంచుకుంటే, మనసు మళ్ళినప్పుడు వచ్చి నాలుగు రోజులు ఉండిపోవచ్చు. ఆయనకు కొండ దొరుకుతుంది, మీకు ఇల్లు పోదు. ఏడాది అద్దె దండగ అంటారేమో, 45 లక్షలు పెట్టి కట్టాక నచ్చలేదంటే అప్పుడు తెలుస్తుంది దండగంటే ఏమిటో.

అద్దెకుంటే బయటపడే సంగతి ఇంకొకటుంది, తిరుపతి చుట్టుపక్కల కాపురమున్న ఏ ఆడమనిషిని అడిగినా నవ్వుతూ చెబుతుంది. కొండకొచ్చే చుట్టాలందరికీ మీ ఇల్లే మజిలీ అవుతుంది. తెల్లారగట్ల రైలు దిగి "వదినా, స్నానం చేసి కొండకెళ్ళిపోతాం, ఏమీ వద్దు" అంటారు, ఏమీ వద్దన్నవాళ్ళకు ఆరుగురికి ఇడ్లీలు వేయాలి. దర్శనం చేసుకొని రాత్రి పదకొండుకు గుండ్లతో దిగితే అన్నం పెట్టాలి, పొద్దున్నే లడ్డూ కవర్లు సర్ది పంపించాలి. పెళ్ళిళ్ళ సీజన్, ఎండాకాలం సెలవులు, వైకుంఠ ఏకాదశి, బ్రహ్మోత్సవాలు... పైగా మీ ప్లాటు శ్రీవారి మెట్టుకు వెళ్ళే వైపే, మెట్ల దారిన ఎక్కేవాళ్ళు కూడా మీ ఇంట్లోనే చెప్పులు విడుస్తారు. ఇది మీకు ఇష్టమైతే అంతకంటే సందడి లేదు, కొందరికి నిజంగానే అదే ప్రాణం. కానీ మోకాళ్ళు పట్టేసినావిడ వంటింట్లో నిలబడే సంగతిది, డూప్లెక్స్ అయితే పైరూములో దుప్పట్లు మార్చడానికి మెట్లెక్కేదీ మీరే. ప్లాన్ గీసినప్పుడు ఈ పని ఎవరిదని ఆయన అనుకున్నారో అడగండి. కోపంగా కాదు, మామూలుగా.

డబ్బు సంగతి ఆయన పక్కన కూర్చుని, కాగితం పెట్టుకుని చూడండి. ఇంటి కోసం కమ్యుటేషన్, అంటే పెన్షన్లో కొంత భాగం ముందే ఒకేసారి మొత్తంగా, తీసుకుంటే పెన్షన్లో 40 శాతం దాకా కోత పడుతుంది, నిబంధన ప్రకారం ఆ కోత 15 ఏళ్ళు. అంటే పూర్తి పెన్షన్ మళ్ళీ చేతికొచ్చేసరికి ఆయనకు 77. ఆయన తర్వాత మీకొచ్చేది ఫ్యామిలీ పెన్షన్, అది ఆయన పెన్షన్ కంటే తక్కువ. ఈ మాట ఏ భార్యకూ నోటితో అనబుద్ధి కాదు, నాకు తెలుసు, అందుకే చాలా ఇళ్ళల్లో ఎవరూ అనరు, చివరికి పెద్ద ఇంట్లో ఒక్క మనిషి మిగిలి కరెంటు బిల్లుకు లెక్కలేసుకుంటూ కూర్చుంటుంది. అదే డబ్బులో 20 లక్షలు పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ పథకంలో వేస్తే ఇప్పుడున్న 8.2 శాతం వడ్డీ మీద మూడు నెలలకోసారి 41,000 వస్తుంది. గోడల్లో పోసిన డబ్బు వడ్డీ ఇవ్వదు.

ఇంతవరకూ మీ పక్షమే మాట్లాడాను, ఇప్పుడు ఆయన పక్షం. వెల్లూరు దూరమైపోతుందని మీ బెంగ. మోకాళ్ళకైతే తిరుపతిలో టీటీడీ వాళ్ళ బర్డ్ ఆస్పత్రి ఉంది, మిగతా వాటికి స్విమ్స్ ఉంది, ఆస్పత్రి పేరు చెప్పి ఆయన్ని ఆపితే నిలబడదు. ఇంకో మాట. ప్లాటు రిజిస్ట్రేషన్ రోజు మీరూ వెళ్ళే ఉంటారు, ఆ రోజు వద్దనలేదు. ఆరేళ్ళు ఆయన ఆ స్థలం చూసుకుంటూ వచ్చారు, మీరూ ఒప్పుకున్నారనే ఆయన లెక్క. ఊరూరా బదిలీలు తిరిగి, ఎవరెవరి పిల్లలకో పాఠాలు చెప్పిన మనిషికి తన చేత్తో గీసుకున్న ఇల్లు ఒకటి ఉండాలనిపించడం తప్పేం కాదు. రిటైరైన మర్నాడు పొద్దున లేచి ఎక్కడికి వెళ్ళాలో తెలియని భయం కూడా ఉంటుంది, ఇల్లు కట్టడం పెట్టుకుంటే రెండేళ్ళు సిమెంటు, ఇసుక, మేస్త్రీతో గొడవలతో గడిచిపోతాయి కదా. ఆయనకు కావలసింది ఇల్లా, పనా అన్నది మీరే కనిపెట్టాలి. పని అయితే దానికి డూప్లెక్స్ అక్కర్లేదు.

పిల్లల్ని మాత్రం ఫోన్లో "మీ ఇష్టం నాన్నా" అని తప్పించుకోనివ్వకండి. ఏడాదిలో ఎన్ని రోజులొచ్చి ఉంటారు, ఇద్దరిలో ఒకరమే మిగిలితే ఏం చేయాలనుకుంటున్నారు అని ఆయన ముందే అడగండి. పదిరోజుల కోసం వచ్చే పిల్లలకు కింద హాల్లో పరుపేసినా చాలు, పైన రెండు రూములు దుమ్ము దులపడానికే.

ఈలోపు ఆ ప్లాటు సంగతి కూడా కాస్త తేల్చుకోండి. 2021 నవంబరు వానలకు స్వర్ణముఖి పొంగినప్పుడు అక్కడ నీళ్ళు ఎంతవరకు వచ్చాయో పక్క పొలాలవాళ్ళను అడిగితే వేలు పెట్టి చూపిస్తారు. ఆ స్థలం మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపే ఈసీ కాగితం తాజాగా తీయించండి, రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22ఏ నిషేధిత జాబితాలో ఆ సర్వే నంబరు లేదని చూసుకోండి, ప్రభుత్వం పేదలకు పంచిన డీకేటీ భూమి కాదని రూఢి చేసుకోండి. తిరుపతి చుట్టుపక్కల మఠం భూములు కొని అవస్థలు పడినవాళ్ళున్నారు. పక్క బోర్లు ఎన్ని అడుగులకు పడ్డాయో, ఏప్రిల్లో ఎలా ఉంటాయో కనుక్కోండి. ఇవన్నీ ఆయనకే అప్పజెప్పండి, హెడ్మాస్టరుగారు ఫైలు పెట్టి మరీ చేస్తారు.

ఏడాది ఉండి చూశాక ఇద్దరికీ కుదిరితే అప్పుడు కట్టుకోండి, కింద ఒక్క అంతస్తే, రెండు గదులు, బాత్రూంలో పట్టుకోవడానికి కడ్డీ, గడప లేని తలుపులు, మిట్టూరు ఇల్లు అమ్మకుండా ఎంతలో అయితే అంతలో. అద్దెకు ఉండడానికి ఆయన ససేమిరా అంటే, అప్పుడు మీరు మెత్తబడకూడని చోటు ఒక్కటే, మిట్టూరు ఇల్లు. అది ఎవరి పేరున ఉందో మీరు రాయలేదు. మీ పేరున ఉంటే సంతకం మీది. ఆయన పేరున ఉంటే, అబ్బాయి ఈసారి వచ్చినప్పుడు ముగ్గురూ కూర్చున్న చోట "ఈ ఇల్లు నేనుండగా అమ్మడానికి వీల్లేదు" అని ఒక్కసారి స్పష్టంగా అనేయండి, వంటింట్లోంచి కాదు, హాల్లో కూర్చుని.