క్వెయిల్: పిట్ట వేరు, జంకు వేరు

ఇంగ్లిష్‌లో క్వెయిల్ అన్న ఒక్క మాట మీద ఈసారి చాలా ప్రశ్నలు వచ్చాయి. ఒకదానికి ఒకటి అల్లుకున్న ప్రశ్నలే కాబట్టి అన్నిటికీ ఒకేచోట జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: ఒక ఇంగ్లిష్ నవలలో హీరో తండ్రి ఎదుట 'క్వెయిల్డ్' అని రాశారు. నాకు తెలిసిన క్వెయిల్ అంటే పూరేడు పిట్ట. అలికిడైతే చాలు గడ్డిలో నక్కి కూర్చుంటుంది కాబట్టి దాని పేరు మీదే భయపడటం అన్న అర్థం వచ్చిందని మా ఫ్రెండ్ అంటోంది. నిజమేనా?

జవాబు: కాదండీ. చాలామంది అలాగే అనుకుంటారు, వినడానికి నమ్మబుద్ధేసేలా కూడా ఉంటుంది. కానీ ఇవి రెండు వేర్వేరు మాటలు. వేర్వేరు దారుల్లో ఇంగ్లిష్‌లోకి వచ్చి, చివరికి ఒకే స్పెల్లింగులో, ఒకే ఉచ్చారణలో కలిశాయి. మంచి నిఘంటువు తీసి చూడండి, రెండిటినీ విడివిడి పదాలుగా ఇచ్చి, మూలాలు కూడా విడిగానే చెబుతుంది.

పిట్ట పేరు 14వ శతాబ్దంలో పాత ఫ్రెంచి నుంచి వచ్చింది. ఇప్పటి ఫ్రెంచిలో ఆ పిట్టని 'కాయ్' అంటారు, ఇటాలియన్‌లో 'క్వాల్యా'. ఇంకా వెనక్కి వెళ్తే మధ్యయుగపు లాటిన్‌లో 'క్వాక్కుల' అనే రూపం కనిపిస్తుంది. అది కూడా జర్మన్ కుటుంబపు భాషల నుంచి లాటిన్‌లోకి చేరి ఉండొచ్చని పండితులు అంటారు. జర్మన్‌లో ఇప్పటికీ 'వాఖ్టెల్' అనే పిలుస్తారు. ఈ పేర్లన్నిటి వెనకా ఉన్నది ఆ పిట్ట కూతే.

దానికి కారణం కూడా ఉంది. ఈ పిట్ట కంటికి కనపడటం చాలా అరుదు. వంద గ్రాముల చుట్టూ బరువుండే చిన్న పిట్ట, ఒంటి రంగు ఎండుగడ్డిలో కలిసిపోతుంది, ఎగరడం కంటే పైరు మధ్యలో పరుగెత్తి తప్పించుకోవడానికే చూస్తుంది. కానీ మగపిట్ట తెల్లవారుజామునా సాయంత్రం పూటా మూడు ముక్కలుగా కూసే కూత చాలా దూరం వినిపిస్తుంది. చెవికి మాత్రమే దొరికే పిట్టకి జనం చెవితోనే పేరు పెట్టారు. ఇంగ్లండ్‌లో ఆ కూతని 'వెట్ మై లిప్స్' అన్నట్టు వింటారు. మీకూ వినాలనుంటే బీథోవెన్ ఆరో సింఫనీ పెట్టుకోండి. 1808లో మొదటిసారి వాయించారు. దాని రెండో భాగం చివర్లో ఫ్లూట్ నైటింగేల్‌లా, క్లారినెట్లు కకూలా పలుకుతాయి, వాటి మధ్యలో ఓబో అనే ఊదే వాద్యం వాయించే ఆ తెగిన లయే క్వెయిల్. స్కోరులో, అంటే సంగీతం రాసిన ప్రతిలో, పిట్టల పేర్లు బీథోవెన్ స్వయంగా రాసిపెట్టాడు.

ప్రశ్న: మరి జంకడం అనే క్రియ ఎక్కణ్ణుంచి వచ్చినట్టు?

జవాబు: నాకు ఎక్కువ ఇష్టమైన భాగం ఇదే, కాస్త ఓపిగ్గా చదవండి.

1400 ప్రాంతంలో ఈ క్రియ ఇంగ్లిష్‌లో కనిపించినప్పుడు దానికి భయంతో సంబంధమే లేదు. నీరసించడం, వాడిపోవడం, జబ్బుపడి క్షీణించడం, పని ముందుకు సాగక చతికిలపడటం, ఇవీ దాని అర్థాలు. ధైర్యం చెదరడం, జంకడం అన్న అర్థం రాతల్లో దొరికేది 1550ల నుంచి. అంటే దాదాపు నూటయాభై ఏళ్ళు ఆ మాట భయం ఊసు లేకుండానే బతికింది. పిట్ట పిరికితనం నుంచి పుట్టిన మాటైతే మొదటి అర్థమే భయం అయ్యుండాలి కదా! మీ ఫ్రెండ్ వాదన నిలబడకపోవడానికి నాకు కనిపించే గట్టి కారణం ఇది.

దాని పుట్టుక గురించి రెండు వాదనలున్నాయి, నిఘంటువులు ఇంకా తేల్చలేదు. ఒకటి, మధ్యయుగపు డచ్ భాషలో 'క్వేలెన్' అనే మాట, బాధపడటం, జబ్బుతో తీసుకోవడం అని అర్థం. యాతన అనే అర్థమున్న జర్మన్ మాట 'క్వాల్' దీనికి చుట్టమే. అణచివేయడం అనే అర్థంలో ఇంగ్లిష్‌లో ఇప్పుడు వాడే 'క్వెల్' కూడా చుట్టమే, పాత ఇంగ్లిష్‌లో దాని అర్థం ఏకంగా చంపడం.

రెండోది, పాలు విరగడం. ఇంగ్లిష్‌లో ఒకప్పుడు క్వెయిల్ అనే ఇంకో క్రియ ఉండేది, విరగడం, గడ్డకట్టడం అనే అర్థంలో. ఇది పాత ఫ్రెంచి నుంచి వచ్చింది, దాని వెనక లాటిన్ 'కోఆగులారే' ఉంది. డాక్టర్లు రక్తం గడ్డకట్టడాన్ని కోయాగులేషన్ అంటారు చూడండి, అదే మూలం. విరిగిన పాలలాగే మనసూ విరుగుతుంది కాబట్టి ఈ క్రియే జంకడంగా మారిందని కొందరంటారు. తమాషా ఏంటంటే ఫ్రెంచిలో కూడా ఇదే చిక్కు వచ్చి పడింది. అక్కడ పిట్ట పేరు 'కాయ్', పాలు విరుగుతాయి అనే క్రియారూపం కూడా 'కాయ్'! బయట బాగా చలిగా ఉంటే వాళ్ళు మాటల్లో 'సా కాయ్' అంటారు, అక్కడున్నది ఈ గడ్డకట్టే క్రియే, పిట్ట కాదు.

నా మొగ్గు మొదటి వాదన వైపే. జబ్బుతో క్షీణించడం, తర్వాత మొక్కలైనా పనులైనా వాడిపోవడం, ఆ తర్వాత ధైర్యం వాడిపోవడం, ఈ వరస ఎక్కడా తెగకుండా సాగుతుంది. పాలు విరగడం నుంచి జబ్బుకి రావాలంటే మధ్యలో ఒక మెట్టు మనమే వేసుకోవాలి. అయితే ఒకే శబ్దంతో రెండు క్రియలు పక్కపక్కనే వాడుకలో ఉన్నప్పుడు ఒకదాని అర్థం ఇంకోదాని మీద పడకుండా ఉండటం కష్టం, కాబట్టి రెండోదాన్ని పూర్తిగా కొట్టేయను.

ప్రశ్న: షేక్‌స్పియర్ ఈ మాట వాడాడా? ఏ అర్థంలో?

జవాబు: వాడాడు, ఒకే అర్థంలో కాదు. 'యాజ్ యు లైక్ ఇట్'లో పారిపోయినవాళ్ళని వెతికే పని క్వెయిల్ కాకూడదని డ్యూక్ అంటాడు, అక్కడ భయం లేదు, పని నెమ్మదించకూడదనే పాత అర్థమే. 'హెన్రీ ది ఫోర్త్' మొదటి భాగంలో, మన సంగతంతా రాజుకి తెలిసిపోయింది, ఇక వెనకడుగు వేయడానికి లేదు అని తిరుగుబాటుదారుల్లో ఒకడు అనే సందర్భంలో వస్తుంది, అది ఇప్పటి అర్థం.

నన్ను బాగా ఆకట్టుకున్నది మాత్రం 'ఆంటోనీ అండ్ క్లియోపాత్రా'. ఆ ఒక్క నాటకంలోనే పిట్టా ఉంది, క్రియా ఉంది. రెండో అంకంలో ఆంటోనీ, ఆక్టేవియస్ సీజర్‌తో ఏ పందెం కాసినా ఓడిపోతున్నాననీ, సీజర్ క్వెయిళ్ళు ఎప్పుడూ తన క్వెయిళ్ళని కొట్టేస్తున్నాయనీ వాపోతాడు. చివరి అంకంలో చనిపోయిన ఆంటోనీని తలుచుకుంటూ క్లియోపాత్రా, ఆయన భూగోళాన్ని క్వెయిల్ చేయాలనుకుంటే గొంతు ఉరుములా మోగేది అంటుంది. అంటే ఇక్కడ జంకడం కాదు, జంకించడం. ఈ వాడుక ఇప్పుడు పోయింది.

అసలు ఈ క్రియే 1650 తర్వాత చాలాకాలం అరుదైపోయి 19వ శతాబ్దంలో మళ్ళీ పుంజుకుంది. నవలాకారుడు వాల్టర్ స్కాట్ వల్లే తిరిగొచ్చి ఉంటుందని ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు అభిప్రాయం.

ప్రశ్న: క్వెయిళ్ళతో పందేలా? అంత చిన్న పిట్ట పోట్లాడుతుందా?

జవాబు: బాగా పోట్లాడుతుంది. ముఖ్యంగా జతకట్టే కాలంలో మగపిట్టలు ఒకదాన్నొకటి ఓర్చుకోవు. పాతకాలపు గ్రీకులకీ రోమన్లకీ ఇది పిరికి పిట్ట కాదు, పందెం పిట్ట. గ్రీకుల్లో ఒక ఆట ఉండేది, పిట్టని గీసిన గీత లోపల పెట్టి తల మీద వేలితో కొట్టేవాళ్ళు. కదలకుండా నిలబడితే పిట్ట యజమాని గెలిచినట్టు, వెనక్కి తగ్గి గీత దాటితే ఓడినట్టు. ఇది చదివి, చూశారా వెనక్కి తగ్గడం ఇక్కణ్ణుంచే వచ్చింది అనకండి, ఆ గ్రీకు ఆటకీ ఇంగ్లిష్ క్రియకీ ఏ లంకే లేదు.

పాతకాలపు గ్రీకు రచయిత ప్లూటార్క్ రెండు కథలు చెప్తాడు. ఏథెన్స్ కుర్రనాయకుడు ఆల్సిబియాడెస్ మొదటిసారి ప్రజల కోసం విరాళం ఇచ్చినప్పుడు జనం చప్పట్లు కొట్టారట. ఆ సంబరంలో పైబట్టలో దాచుకున్న క్వెయిల్ సంగతి మర్చిపోయాడు, అది బెదిరి ఎగిరిపోయింది. జనమంతా దాని వెంట పడితే అంటియోకస్ అనే ఓడ నడిపేవాడు పట్టుకొచ్చి ఇచ్చాడు, అప్పట్నుంచి ఇద్దరికీ స్నేహం. చాలా ఏళ్ళ తర్వాత ఆల్సిబియాడెస్ నౌకాదళాన్ని ఈ అంటియోకస్ చేతిలోనే పెట్టి వెళ్ళాడు. యుద్ధం మొదలుపెట్టొద్దని చెప్పినా అతను వినలేదు, నోటియం దగ్గర ఏథెన్స్ ఓడిపోయింది, ఆల్సిబియాడెస్ పదవి పోయింది. రెండో కథ రోమ్‌ది. ఈజిప్టు వ్యవహారాలు చూసే ఈరోస్ అనే అధికారి, పందేల్లో అన్నిటినీ ఓడించిన ఒక క్వెయిల్‌ని కొనుక్కుని కాల్చుకు తిన్నాడని తెలిసి అగస్టస్ చక్రవర్తి అతన్ని ఓడ స్తంభానికి మేకులతో కొట్టించాడట. ఓటమి ఎరగని పిట్టకి అంత విలువ ఇచ్చిన కాలం అది.

ప్రశ్న: సంస్కృతంలో 'వర్తిక' అన్నా ఈ పిట్టే కదా. క్వెయిల్‌కీ వర్తికకీ చుట్టరికం ఉందా?

జవాబు: క్వెయిల్‌తో లేదు, గ్రీకుతో ఉంది. గ్రీకులో ఈ పిట్ట పేరు 'ఓర్టిక్స్'. దానికి ముందు ఒకప్పుడు వకారం ఉండేది, తర్వాత జారిపోయింది. ఆ వకారం పెట్టి చదివితే వర్తికకి ఎంత దగ్గరో మీకే తెలుస్తుంది. భాషావేత్తలు ఈ రెండిటినీ ఒకే మూలం నుంచి వచ్చిన మాటలుగా చూస్తారు. ఋగ్వేదంలో తోడేలు నోట చిక్కిన వర్తికని అశ్వినీ దేవతలు విడిపించిన సంగతి ఒక్కచోట కాదు, చాలాచోట్ల వస్తుంది. గ్రీకులు డెలోస్ దీవిని ఓర్టిజియా అని కూడా పిలిచేవాళ్ళు, క్వెయిళ్ళ దీవి అని. సిసిలీలో సిరాక్యూజ్ పాత పట్నం ఉన్న చిన్న దీవికి ఇప్పటికీ అదే పేరు. మధ్యధరా సముద్రం దాటి ఐరోపాకీ ఆఫ్రికాకీ మధ్య ఏటా తిరిగే పిట్ట కాబట్టి అలిసిపోయి దీవుల మీద వాలడం వాటికి మామూలే. రాత్రిపూట గుంపులుగా తెరచాపల మీద వాలి పడవల్ని ముంచేస్తాయని పాతకాలపు రోమన్ రచయిత ప్లినీ రాశాడు, అది కాస్త పెంచి చెప్పినట్టే ఉంది.

లాటిన్ పేరు 'కోటర్నిక్స్' మళ్ళీ వేరు, అది కూడా కూత నుంచి పుట్టిందే అంటారు.

ప్రశ్న: ఫ్రెంచి మాట రాకముందు ఇంగ్లిష్ వాళ్ళు ఈ పిట్టని ఏమనేవాళ్ళు?

జవాబు: 'ఎడిష్‌హెన్'. కంచె వేసిన పచ్చికలో తిరిగే కోడి అనుకోవచ్చు. చక్కటి పేరు, ఫ్రెంచి మాట వచ్చాక నిలవలేదు.

ప్రశ్న: డక్, స్వాలో, క్రేన్ లాంటివి కూడా పిట్టలే, క్రియలే. అవన్నీ క్వెయిల్ లాంటివేనా?

జవాబు: ఒక్కొక్కదాని కథ ఒక్కోలా ఉంది. స్వాలో అచ్చంగా క్వెయిల్ లాంటిదే, పిట్ట పేరూ మింగడం అనే క్రియా పాత ఇంగ్లిష్‌లో వేర్వేరు మాటలు, కాలక్రమంలో ఒకేలా తయారయ్యాయి. క్రేన్‌లో పిట్టే ముందు, ఆ కొంగలా మెడ సాచి చూడటానికి క్రియ తర్వాత పుట్టింది, బరువులెత్తే యంత్రానికీ ఆ మెడ వల్లే ఆ పేరు. డక్ దీనికి పూర్తిగా తలకిందులు. నీళ్ళలో మునగడం అనే క్రియే ముందు, మునుగుతుంది కాబట్టి బాతుకి ఆ పేరు. స్నైప్ కూడా చూడండి, ఆ పిట్టని గురి చూసి కొట్టడం చాలా కష్టం, దాన్ని వేటాడేవాణ్ణి స్నైపర్ అన్నారు, ఇప్పుడు సైన్యంలో వాడే మాట అదే. అందుకే ఒక్క ఉదాహరణ చూసి మిగతావాటికీ అదే సూత్రం వేసేయకూడదు.

ప్రశ్న: పరీక్షలో వాడాలంటే క్వెయిల్ తర్వాత ఏ ప్రిపోజిషన్ రావాలి?

జవాబు: 'ఎట్' లేదా 'బిఫోర్'. ఆలోచనకో, చూపుకో జంకితే ఎట్, మనిషి ఎదుట జంకితే బిఫోర్. తెలుగులో జంకడం, గుండె జారడం సరిగ్గా సరిపోతాయి. వణికిపోవడం అని రాయకండి, క్వెయిల్‌లో ఉన్నది ఒంటి వణుకు కాదు, లోపల ధైర్యం సడలడం.

ప్రశ్న: అమెరికాలో క్వెయిల్ అనే పిట్టా, బటన్ క్వెయిల్ అనే పిట్టా ఇదే జాతా?

జవాబు: రెండూ కావు. అమెరికాకి వలస వెళ్ళిన ఐరోపా వాళ్ళు అక్కడి పిట్టలు తమకి తెలిసిన క్వెయిల్‌లా ఉన్నాయని ఆ పేరే పెట్టేశారు, శాస్త్రవేత్తలు వాటిని వేరే కుటుంబంలో ఉంచారు. వాటిలో ఒకదాని పేరు బాబ్‌వైట్, మళ్ళీ కూత నుంచి పుట్టిన పేరే. 1931 నుంచి కాలిఫోర్నియా రాష్ట్ర పక్షిగా ఉన్నది కూడా ఈ అమెరికా కుటుంబానిదే. బటన్ క్వెయిల్ ఇంకా దూరం, పైకి ఎంత పోలిక ఉన్నా దాని చుట్టరికం సముద్రపు కాకుల్లాంటి నీటి ఒడ్డు పక్షులతో. దాని కాలికి వెనక వేలు ఉండదు. దాని ప్రజాతి పేరు 'టర్నిక్స్', కోటర్నిక్స్‌లో మొదటి ముక్క కోసేసి పెట్టిన పేరు అది.